సీలు వెనక గ్లాసుడు నీళ్ళు

మా ఊళ్ళో కట్టుడుపళ్ళు కట్టే చైనా ఆయన కొట్టుకి సర్కారువాళ్ళు సీలు వేశారు. ఆ సీలు వేయించింది నేను. నేనే రాసి, నేనే జనం చేత సంతకాలు పెట్టించి, నేనే రిజిస్టరు పోస్టులో పంపిన కాయితం చేత్తో పట్టుకుని వాళ్ళు వచ్చారు. ముందు ఈ ముక్క చెప్పేస్తే గాని మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి జరిగిన సంగతి ఇది. అప్పటికే నేను ముసలాణ్ణి, ఆయన నాకంటే ముసలాయన.

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీగా బతికినవాణ్ణి. కళాసీ అంటే దిమ్మలు మోసేవాడు. చదివింది మూడో తరగతి. ఆ పైన చదువంతా టీకొట్టు పేపర్లోనూ లైబ్రరీ బల్లమీదా నేర్చుకున్నదే. వీపు మోయలేని రోజులొచ్చాక అర్జీలు రాయడం మొదలెట్టాను. పింఛను రానివాళ్ళకి, పట్టా పోగొట్టుకున్నవాళ్ళకి, కరెంటు స్తంభం పొలంలో పాతేసినవాళ్ళకి. పని జరిగితే నా చెయ్యి మంచిదనేవారు, జరక్కపోతే ఆఫీసుని తిట్టేవారు. ఎటు చూసినా నాకు మాట పడేది కాదు. అలా నా చెయ్యి మంచిదని నాకే ఒక నమ్మకం పడిపోయింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆయన్ని ఊరంతా చైనా డాక్టరుగారనేవారు. నేను బావా అనేవాణ్ణి. ఎందుకంటే ఆయన కట్టుకున్నది ఈ పక్కనే ఉన్న మా కశింకోట పిల్లని. మా ఇంటి గోడకి అవతల గోడ వాళ్ళది. వాళ్ళు క్రైస్తవులు, మేం కాదు. అయినా చిన్నప్పట్నుంచీ నేను దాన్ని చెల్లీ అన్నాను, అది నన్ను అన్నా అంది. చెల్లెలి మొగుడు బావ కాక ఇంకేమవుతాడు? చర్చిలో వాళ్ళ పెళ్ళినాడు మా కళాసీలు పదిమంది వెనక బల్లమీద కూర్చుని, "ఏటి బావా, పళ్ళు సూసి సేసుకున్నావా పిల్లని?" అని అరిచారు. "పళ్ళు సూసే సేసుకున్నాను, నోరు సూసుకోలేదు" అన్నాడు పెళ్ళికొడుకు. చర్చి అంతా నవ్వింది, పాస్టరుగారితో సహా. అప్పటికే ఆయన తెలుగు అలా ఉండేది. బెల్లం మార్కెట్లో నేర్చిన తెలుగు మరి.

కలకత్తా నుంచి చిన్నాన్నతో వచ్చాడు, మీసం రాని వయసులో. చిన్నాన్న సంతల్లో పళ్ళు పీకేవాడు. ఒక చెక్కపెట్టె, అందులో పట్టకార్లు, గుడ్డమూటలో ప్లాస్టరు పిండి. రైలు పట్టా పట్టుకుని బరంపురం, శ్రీకాకుళం, విజయనగరం సంత సంతకీ దిగుతూ వచ్చి, అనకాపల్లిలో దిగేసరికి చిన్నాన్నకి బెల్లం మార్కెట్ కనబడింది. దూలాల ఎత్తున దిమ్మలు. పిల్లా పెద్దా అందరి బుగ్గలోనూ ఒక బెల్లం ముక్క. "ఇంక ముందుకి పోనక్కర్లేదు" అన్నాడట చిన్నాన్న. కొన్నాళ్ళకి కుటుంబాన్ని తీసుకొస్తానని చైనా వెళ్ళి తిరిగి రాలేదు. అక్కడా యుద్ధం, ఇక్కడా గడబిడ. ఉత్తరం కూడా రాలేదు. కుర్రాడు పెట్టెతో ఇక్కడే మిగిలిపోయాడు. మార్కెట్ వెనక సందులో పలకల తలుపుల కొట్టు ఒకటి తీసుకున్నాడు. అదే ఆ కొట్టు.

చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆ కొట్టు మీద రాళ్ళు పడ్డాయి. నేను రాయి వెయ్యలేదు. వేసినవాళ్ళ పక్కన నిలబడ్డాను. ఆ తేడా ఏపాటిదో నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. పోలీసులు ఆయన చేత ప్రతి సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టించుకునేవారు. ఆయన బోర్డు దింపేశాడు. వారం రోజులు ఒక్కడూ ఆ సందులో అడుగు పెట్టలేదు. ఎనిమిదో రోజున, రాయి వేసిన వాళ్ళలో ఒకడు దవడ పట్టుకుని పెరటి తలుపు కొట్టాడు. పంటిపోటు ముందు ఏ దేశభక్తీ నిలవదు. బావ ఏమీ అనలేదట. "నోరు పెద్దగా తెరు. మొన్న సందులో తెరిసేవు సూడు, అంత" అన్నాడట, అంతే.

అంతకుముందు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. తర్వాత కూడా పెట్టుకున్నాడు. పుట్టిన చోటు కాయితం తెమ్మన్నారు. పుట్టింది చైనాలో. అక్కడికి వెళ్ళనివ్వరు, కాయితం లేకుండా ఒప్పుకోరు. ఏడాదికోసారి విశాఖపట్నం వెళ్ళి, ఒక పుస్తకంలో ముద్ర వేయించుకుని, ఇంకో ఏడాది ఉండటానికి అనుమతి తెచ్చుకోవాలి. ఈ ఊరి ఆడపిల్ల మొగుడు, ఈ ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల తండ్రి, సగం ఊరికి నోట్లో పళ్ళు పెట్టిన మనిషి ఏడాదికోసారి ఉండనియ్యండి బాబూ అని అడుక్కోవాలి.

ఇక పళ్ళ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ తలకెక్కదు.

మొదట నోట్లో మైనం పెట్టి కొరకమంటాడు. ఆ గుంటలో ప్లాస్టరు పోసి దవడ అచ్చు తీస్తాడు. ఆ అచ్చు మీద గులాబీరంగు పిండితో చిగుళ్ళు కట్టి, పళ్ళు అమర్చి, ఇత్తడి డబ్బాలో బిగించి కుంపటి మీద ఉడకబెడతారు. అలా తయారైన కట్టుడుపళ్ళ వరసనే సెట్టు అంటారు. అచ్చు తియ్యడం బావ. ఉడకబెట్టడం, అరగదీసి నిగ్గు తేల్చడం కూతురు. ఆ పిల్ల పదో తరగతి అయినప్పట్నుంచీ తండ్రి పక్కన ఆ పనిలోనే ఉంది, పెళ్ళి మాట ఎత్తితే "నాను పోతే సెట్టు ఎవుడు ఉడకబెడతాడు మామా" అనేది. సెట్టు ఇచ్చేశాక కూడా అచ్చు పారెయ్యరు. గోడ పొడుగునా బల్లలు, బల్లల మీద దవడలు. ఒక్కోదాని అడుగున పెన్సిలుతో ఆయన భాషలో ఏదో గీత. ఎవరి సెట్టయినా విరిగితే అచ్చు తీసి మళ్ళీ కడతాడు. "ఇదిగో మునగపాక మునసబు. ఇదేమో సోడాకొట్టు ఆయన తల్లి. ఇది నువ్వు, కింద దవడ వంకర" అని చూపించేవాడు. సగం మంది చచ్చిపోయారు కదా బావా, ఎందుకివి అంటే, "ఉండనీ, నాకేటి అడ్డం" అనేవాడు.

నాకు యాభై దాటేసరికి పళ్ళన్నీ పోయాయి. బెల్లం మోసినవాడు బెల్లం తినకుండా ఉంటాడా. చిగుళ్ళు మానేదాకా రెండు నెలలు మాడుగుల హల్వా చప్పరిస్తూ బతికాను. తర్వాత సెట్టు పెట్టి అద్దం ఇచ్చాడు. అందులో ఎవడో మగాడు కనబడ్డాడు. "ఈడెవుడు బావా?" అన్నాను. "నువ్వే. పదేళ్ళ కిందట ఎల్లిపోనావు, ఇప్పుడొచ్చేవు" అన్నాడు.

సెట్టు వాడనప్పుడు నీళ్ళలో ఉంచాలి. ఎండలో, గాలిలో వదిలేస్తే ఆ గులాబీ చిగురు ముడుచుకుంటుంది, వంకరపోతుంది. తర్వాత ఏ నోటికీ పట్టదు. ఈ మాట ఆయన ప్రతి మనిషికీ మూడుసార్లు చెప్పేవాడు. పడుకునేముందు గ్లాసులో, గ్లాసు నిండా నీళ్ళు, పొద్దున్నే మార్చాలి.

మా చెల్లికీ ఆయనే కట్టాడు సెట్టు. దానికి వేయించిన సెనగలంటే ప్రాణం. సెట్టుతోనే నమిలేది. ఒకసారి పై వరస చీలింది. "సెనగలు తినకంటే ఇనవు గదా" అని తిట్టి, సెట్టు కొట్టుకి పట్టుకుపోయాడు, రేపు బాగుచేసి తెస్తానని. ఆ రేపు ఆదివారం. పొద్దున చర్చికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడిపోయింది. గుండె. డాక్టరు వచ్చేసరికి ఏమీ లేదు.

పెట్టెలో పడుకోబెట్టినప్పుడు దాని బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పెదవులు నోట్లోకి ముడుచుకుపోయాయి. బావ పెట్టె పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఏడవలేదు. మట్టి వేసి ఇంటికొచ్చాం, కాళ్ళు కడుక్కున్నాం. అప్పుడు అన్నాడు, "బావా, దాని సెట్టు కొట్టులోనే ఉండిపోయింది." ఊళ్ళో అందరికీ మొహాలిచ్చిన మనిషి, తన పెళ్ళాన్ని బోసినోటితో సాగనంపాడు. ఆయనకి జ్ఞాపకం రాలేదు, కూతురికి రాలేదు, నాకు రాలేదు. ముగ్గురమూ ఆ రోజు నోటినిండా పళ్ళతోనే తిరిగాం.

ఆ చీలిక ఆయన అతికాడు. అతికి, గాజుగ్లాసులో నీళ్ళు పోసి, సెట్టు అందులో వేసి, లోపలి గోడ బల్లమీద దాని అచ్చు పక్కన పెట్టాడు. పొద్దున కొట్టు తలుపు తీయగానే మొదటి పని ఆ గ్లాసులో నీళ్ళు మార్చడం. ఆరేళ్ళు, వానొచ్చినా జ్వరమొచ్చినా. ఓసారి నేను చూస్తుండగా నీళ్ళు మార్చి, "బావా, నన్ను దాని పక్కన పెడతారు కదా. అప్పుడు ఇది నా జేబులో పెట్టండి. అక్కడికెల్లి నానే ఇచ్చుకుంటాను" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. సరే బావా అన్నాను.

ఆ మాట ఇచ్చినవాణ్ణి నేను. మిగతాది వినండి.

ఎనభై దాటాక ఆయనకి మోకాలు పట్టేసింది. విశాఖపట్నం వెళ్ళాలంటే ఆటో, రైలు, మళ్ళీ ఆటో, పైన రెండంతస్తుల మెట్లు. ఆ చివరిసారి నేను తోడు వెళ్ళాను. మెట్లమీద నాలుగుసార్లు కూర్చున్నాడు. బల్ల వెనక కుర్రగుమస్తా పుస్తకం తిప్పి, "తాతా, తెలుగొచ్చా?" అన్నాడు.

"తెలుగే వచ్చు బాబూ."

"చైనా భాష రాదా?"

"వచ్చేది. మాటాడేవోళ్ళు నేరు కదా. రానంటే రాదు మరి."

గుమస్తా నవ్వాడు, మంచివాడే. వచ్చే ఏడాది మెట్లెక్కలేను, మావాళ్ళ చేత పంపించనా అని బావ అడిగితే, "రూలు తాతా. మనిషే రావాలి" అన్నాడు.

తిరిగొస్తూ రైల్లో నేను మొదలెట్టాను. "నాను రాత్తాను బావా అర్జీ. కలెక్టరుకే రాత్తాను. నువ్వు ఇంట్లో కూకో, పుస్తకం మీ పిల్ల పట్టుకెల్తాది."

ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తున్నాడు. "వద్దు బావా. ఆపీసోడికి మనం గుర్తుండకుండా ఉండడమే మంచిది. ఇన్నేళ్ళూ అలగే బతికేను."

"ఏటి మంచిది? ఊరంతా నీకు సాక్షి. ఎవుడు కాదంటాడు?"

"ఊరు కాదనదు. నాను సెప్పేది ఊరు గురించి కాదు."

ఆ మాట నేను వినలేదు. వినే చెవి నాకు ఎప్పుడూ లేదు, రాసే చెయ్యే ఉంది.

అర్జీకి బలం కావాలంటే సంతకాలుండాలి. ఇది నాకు తెలిసిన విద్య. నాలుగు పేజీల అర్జీ రాశాను. ఈయన ఈ ఊరికి చేసిన మేలంతా రాశాను. కింద జనం చేత సంతకాలు పెట్టించాను, ఉత్త సంతకాలు కాదు, ఎవరికి ఏం చేశాడో పక్కన రాయించి మరీ. మార్కెట్లో, చర్చి బయట, కశింకోట ఆటో స్టాండులో, మునగపాక చెరుకు గానుగల దగ్గర. రెండు నెలలు తిరిగాను. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ తిరగలేదు. ఒక ముసల్ది వేలిముద్ర వేస్తూ, "రాయి నాయినా, నాకు రెండు దవడలూ ఆ సైనా బాబే కట్టేడని రాయి. మా ఆయన సచ్చిపోయినా పళ్ళు సావలేదని రాయి" అంది. అదీ రాశాను. ఒక రైతు తన నోట్లోంచి సెట్టు తీసి బల్లమీద పెట్టి, "ఇదే నా సంతకం" అన్నాడు. చైనా డాక్టరుగారు నాకు జ్ఞానదంతం పీకాడు. ఆయనే మా అమ్మకి చిగుళ్ళు కోసి చీము తీశాడు. ఆయనే నలభై ఏళ్ళుగా మా ఇంటిల్లిపాదికీ పళ్ళు చూస్తున్నాడు. అన్నిటికీ ఊరు, పేరు, సంతకం.

బావకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు తిరగేశాడు. కళ్ళు తడిశాయి. నా అర్జీ చూసి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, భయానికేమో.

రిజిస్టరు చేశాను. ఉగాది వెళ్ళిన రెండు వారాలకి జీపు వచ్చింది.

ముగ్గురు దిగారు. అందులో పెద్దాయన చేతిలో నా అర్జీ, నా చేతిరాత, మూలన పడిన నూనె మరకతో సహా. అర్జీ ఎక్కడెక్కడో తిరిగి వైద్యం చూసే శాఖకి చేరిందట. డిగ్రీ లేనివాడు, ఈ దేశంవాడు కానివాడు, యాభై ఏళ్ళుగా పళ్ళు పీకుతున్నాడని సాక్షి సంతకాలతో సహా ఎవరో ఫిర్యాదు చేశారని వాళ్ళ లెక్క.

"ఫిర్యాదు కాదయ్యా అది! మెచ్చుకోలు! చదవండి!" అన్నాను.

"చదివే వచ్చాం. ఇవన్నీ నిజమా, అబద్ధమా?"

ఏం చెప్పను? అబద్ధమంటే ఊరంతా అబద్ధమాడినట్టు. నిజమంటే ఆయన నేరం చేసినట్టు.

"సర్టిఫికెట్టుందా తాతా?" అని బావనడిగారు.

"మా చిన్నాన్న నేర్పేడు బాబూ."

ఎప్పుడో పళ్ళ వైద్యానికి చట్టం వచ్చిన కొత్తలో, డిగ్రీ లేకపోయినా పని తెలిసిన పాతవాళ్ళ పేర్లు రాసుకున్నారట. ఈ దేశంవాళ్ళవి మాత్రమే. ఆ దారి అప్పుడే మూసుకుపోయింది. కూతురు ముందుకొచ్చి, "నేను ఇక్కడే పుట్టేను సార్, కొట్టు నా పేరు మీద పెట్టుకుంటాను" అంది. "నీకుందా డిగ్రీ?" అన్నారు. ఆ పిల్ల చేతులు ప్లాస్టరుతో తెల్లగా ఉన్నాయి, వెనక్కి దాచుకుంది.

పలకలు ఒక్కొక్కటే బిగిస్తున్నారు. అప్పుడు బావ పెద్దాయన దగ్గరకి వెళ్ళి చేతులు జోడించాడు. "బాబూ, అన్నీ మీవే. ఆ గ్లాసొక్కటి తీసుకుంటాను."

పెద్దాయన లోపలికి తొంగి చూశాడు. "ఏముందందులో?"

"మా ఇంటిదాని సెట్టు."

"కేసే సెట్ల గురించి కదా తాతా. లోపలున్నదంతా సాక్ష్యం. ముట్టుకోకూడదు."

"అయితే నీళ్ళు పోసి వత్తాను. ఒక్క సెంబుడు."

ఆ మనిషి విసుక్కోలేదు, అదే నాకు ఇప్పటికీ మండుతుంది. విసుక్కుంటే తిట్టి ఉండేవాణ్ణి. "నా చేతుల్లో లేదు తాతా, పైకి రాసుకోండి" అన్నాడు. తాళం పడింది, గుడ్డ చుట్టారు, లక్క కరిగించి ముద్ర కొట్టారు. జీపు వెళ్ళిపోయింది. సందులో చేరిన జనం, నా కాయితంలో సంతకాలు పెట్టిన జనమే, ఒక్కొక్కరే నోరు మూసుకుని వెళ్ళిపోయారు.

పైన గాలి కోసం వదిలిన కంత ఒకటుంది, ఇనప చువ్వలతో. కూతురు స్టూలెక్కి అందులోంచి చూసేది. రోజూ సాయంత్రం చూసి చెప్పేది. మొదటివారం, "నిండుగానే ఉంది నాన్నా." రెండోవారం, "వేలెడు తగ్గింది." అది ఎండాకాలం. రేకుల కప్పు. లోపల కుంపట్లో ఉన్నంత వేడి.

నేను రాశాను. రెండురోజులు తిరక్కుండానే ఒక అర్జీ రాశాను, కొట్టు తెరవొద్దు, అరగంట తాళం తీసి గ్లాసొక్కటి ఇప్పించమని. ఆ తర్వాతి వారం ఇంకొకటి. ఆఫీసుకి స్వయంగా వెళ్ళాను, ఫైలు ఇంకో ఆఫీసులో ఉందన్నారు. ఆ ఆఫీసుకి వెళ్ళాను, ఇక్కడికి రాలేదన్నారు.

"సగం ఉంది నాన్నా" అంది పిల్ల.

ఒకరోజు నాకు తెలివొచ్చిందనుకున్నాను. సన్నటి ప్లాస్టిక్ గొట్టం వెదురుకర్రకి కట్టి, కంతలోంచి దూర్చి, పైనుంచి చెంబుతో నీళ్ళు పోశాను. కర్ర గ్లాసు దాకా వెళ్ళలేదు. నీళ్ళన్నీ ఈ వైపు బల్లమీద దవడల మీద పడ్డాయి. కింద నిలబడ్డ బావకి ఆ చప్పుడు వినబడింది.

"ఆపు బావా. అది మునసబు దవడ. ఆడు బతికున్నప్పుడే నీళ్ళు తాగేవోడు కాదు" అన్నాడు. నవ్వుదామనుకున్నాను. ఆయన మొహం చూసి నవ్వలేదు.

"సీలు నాను ఇరగ్గొడతాను. నన్ను తోసీమను జైల్లో. ఏటవుద్ది నాకు?" అన్నాను.

"నువ్వు ఇరగ్గొట్టినా నానే ఇరగ్గొట్టించినట్టే బావా. నిన్ను జైలుకి పంపుతారు. నన్ను దేశం పంపుతారు. ఏ దేశం పంపుతారో కూడా తెల్దు. దాని గొయ్యి ఇక్కడుంది కదా. నన్నిక్కడే ఉండనీ" అన్నాడు.

కర్ర దింపేశాను.

అయిదో వారానికి పిల్ల స్టూలు మీదనుంచి ఏమీ చెప్పలేదు. దిగి స్టూలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావ అడగలేదు. ఆ తర్వాత ఎవరూ ఎక్కలేదు ఆ స్టూలు.

ఆయన మంచమెక్కాడు. జబ్బేమీ లేదు. తినడం మానేశాడు. చిత్రమేమిటంటే అన్నీ తన సొంతపళ్ళే, ఎనభై ఏళ్ళు దాటినా ఒక్కటీ కదల్లేదు. బెల్లం ఊళ్ళో బెల్లం ముట్టని మనిషి. వానలు పట్టాక ఒక మధ్యాహ్నం, నేను పక్కన కూర్చుని మూడో అర్జీ చదివి వినిపిస్తున్నాను. "బాగా రాసేవు బావా" అన్నాడు. అర్జీ పూర్తయ్యేసరికి నిద్రపోయాడనుకున్నాను.

పెట్టెలో ఆయనకి తెల్లచొక్కా తొడిగారు. జేబు ఉంది. కూతురు ఆ జేబు మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఖాళీ జేబుతోనే పంపాం.

ఆ పిల్ల ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పెద్ద దంతవైద్యశాల వెనక గదిలో సెట్లు ఉడకబెడుతోంది. అదే పని, అదే చెయ్యి. బయట బోర్డు మీద డిగ్రీ ఇంకెవరిదో. వెళ్ళేముందు నాకు కాఫీ ఇచ్చి, "మామా, ఒక్క మాట. ఇంక ఏటీ రాయకు" అంది. కోపంగా అనలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. రాయలేదు. అర్జీలకి పెన్ను మూత పెట్టేశాను. ఈమధ్య నా సెట్టు పై వరస విరిగింది. మళ్ళీ కట్టడానికి నా అచ్చు కూడా ఆ కొట్టులోనే ఉంది. ఈ ముక్కలు మాత్రం బోసినోటితో నాకు నేనే చదువుకుంటూ రాస్తున్నాను.

ఆయన పోయిన పదకొండు నెలలకి పోస్టుమాను ఒక కవరు తెచ్చాడు. గ్లాసు కోసం పెట్టిన మూడు అర్జీల్లో మొదటిదానికి జవాబు. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"మీరు పంపిన అర్జీ పరిశీలించడమైనది. మీరు సదరు దుకాణదారునకు బంధువులు కారు గనుక ఈ విషయమై అర్జీ పెట్టుకొనుటకు అర్హులు కారు. గ్లాసు మొదలగు వస్తువులు కావలసినచో సదరు దుకాణదారు, చెల్లుబాటులో ఉన్న నివాస అనుమతి పుస్తకముతో, ఈ ఉత్తరము అందిన ముప్పది దినములలోగా ఈ కార్యాలయమునకు స్వయముగా హాజరు కావలెను. హాజరు కాని యెడల లోపలి వస్తువులన్నియు నిరుపయోగమైనవిగా భావించి తొలగించబడును."